మన పుస్తకాల ముచ్చట – 9: స్వీకారంలో ఒక లైను



పోయిన ఆదివారం భాగ్యరెడ్డి వర్మ గారి పత్రిక గురించి రాశాను. ఆ రాత్రే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కాకతీయ యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాడు. స్కాలర్‌షిప్ పైసలు, వాళ్ల అవ్వ కూలి పైసలు కలిపి కవితల పుస్తకం వేసుకున్నాడు. 300 కాపీలు. "అన్నా, ఆర్నెల్లయింది. హాస్టల్ మంచం కింద ఇంకా 220 ఉన్నయి. పేపర్లకు పంపిన, ఒక్కలు రాయలే. దోస్తులకిస్తే పుస్తకం పట్టుకొని ఫోటో దిగి స్టేటస్ పెట్టిన్రు గని, చదివినట్టు లేదు. సమీక్షలు ఎట్ల వస్తయన్నా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 1996లో నేనూ ఇదే ప్రశ్న అడిగాను. అడగాల్సిన వాళ్లను వదిలేసి వేరే వాళ్లను అడిగాను. ఆ సంగతి చాలా ఏళ్లు దాచుకున్నాను కూడా. అందుకే ఈ వారం అనుకున్న విషయం పక్కనబెట్టి, ఆ తమ్ముడికి జవాబు రాస్తున్నాను. సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న మనవాళ్లకు పాఠకుడి మాట ఎట్లా దొరికింది, ఎట్లా దొరకలేదు అనేదే ఈ ముచ్చట.

*

ముందు నా సంగతి చెప్పేస్తాను.

1995లో చిక్కనవుతున్న పాట వచ్చింది. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకులు. మరుసటి ఏడాదే పదునెక్కిన పాట. కారంచేడు జరిగి పదేళ్లు, చుండూరు జరిగి నాలుగేళ్లు. అప్పటిదాకా కరపత్రాల్లో, గోడల మీద, పాటల్లో ఉన్న కోపం అచ్చులోకి దిగింది. మా వయసు పిల్లలందరికీ ఒకటే పూనకం, మనం కూడా ఒక పుస్తకం వేయాలె. నాకు కవిత్వం రాదు. అందుకని మా ఊరి మాదిగవాడ చరిత్ర రాశాను. బాయి ఎప్పుడు తవ్వుకున్నరు, లంద గోలేలు ఎక్కడుండేవి, తంగేడు చెక్క ఏ గుట్ట మీంచి తెచ్చేది, వెట్టి ఎవరి ఇంట్ల చేసేది, డప్పు ఏ పండుగకు ఏ తీరు కొట్టేది. ముసలోళ్లను అడిగి రాసుకున్నవన్నీ కలిపితే 64 పేజీలు అయ్యాయి. నాలుగు ఫారాలు. చిట్టీ ఎత్తి హనుమకొండలో ఒక ప్రెస్సులో 500 కాపీలు వేయించాను. సెంటర్ పిన్ కొట్టిన పుస్తకం. వెల 10 రూపాయలు.

ఆ 64 పేజీల్లో 11 పేజీలు ముందుమాటలే. ముగ్గురు పెద్దమనుషుల దగ్గరికి తిరిగి తిరిగి రాయించుకున్నాను. ముగ్గురిలో ఇద్దరికి మా ఊరు ఏ మండలంలో ఉందో కూడా తెలియదు. ఆవిష్కరణ సభలో ఆరుగురు మాట్లాడారు. పుస్తకం వాళ్ల చేతికి అందింది సభలోనే. ఒకాయన అట్టమీది బొమ్మ గురించి పది నిమిషాలు మాట్లాడాడు.

ఆ తర్వాత పత్రికలకు పంపాను. రివాజు మీకు తెలుసు, సమీక్షకు రెండు ప్రతులు పంపాలి. ఏడు పత్రికలకు 14 కాపీలు పోయాయి. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్టాండు దగ్గర పేపర్లు తిరగేసేవాణ్ని. నాలుగో నెలలో ఒక పత్రికలో వచ్చింది. సమీక్ష కాదు, స్వీకారం. పుస్తకం పేరు, పేజీలు, వెల, ప్రతులకు ఫలానా. ఒక్క లైను. అందులో నా ఇంటిపేరు తప్పుగా పడింది. అయినా కత్తిరించి దాచుకున్నాను. స్వీకారం అంటే అందింది అని. చదివామని కాదు.

*

మనం సొంతంగా పుస్తకం వేసుకోవడం కొత్త సంగతి కాదు. ఈ దేశంలో రచయితే ఖర్చు పెట్టుకొని వేసిన పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువ మందిని కదిలించింది ఏదంటే నేను కుల నిర్మూలన పేరే చెప్తాను.

లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా రమ్మని బాబాసాహెబ్‌ను పిలిచారు. ప్రసంగం ముందే రాసి అచ్చుకిచ్చాడాయన. అది చూసిన మండల్ వాళ్లకు చెమటలు పట్టాయి. వేదాల మాట తీసేయండి, హిందూ మతం గురించిన భాగం తగ్గించండి అన్నారు. కామా కూడా మార్చేది లేదన్నాడు. సభ రద్దయింది. ప్రసంగం వినాల్సిన జనం లేరు, అచ్చయిన కాగితాలు మాత్రం ఉన్నాయి. 1936 మేలో ఆయన వాటిని పుస్తకంగా అమ్మకానికి పెట్టాడు. 1,500 ప్రతులు. వెల ఎనిమిది అణాలు. రెండు నెలల్లో అయిపోయాయి.

ఇక సమీక్ష. ఆ జులైలో గాంధీ తన హరిజన్ పత్రికలో రాశాడు. 11న ఒక భాగం, 18న ఇంకో భాగం. సంస్కర్త అన్నవాడు ఈ ప్రసంగాన్ని పక్కన పెట్టలేడని ఒప్పుకున్నాడు. మండల్ వాళ్లు కాదంటే అంబేడ్కర్ సొంత ఖర్చుతో అచ్చు వేసి జవాబిచ్చాడని కూడా రాశాడు. రాస్తూ రాస్తూ ఎనిమిది అణాలు ఎక్కువ, రెండు అణాలకో నాలుగు అణాలకో తగ్గించమని సలహా ఇచ్చాడు. ఆ తర్వాత అసలు విషయానికొచ్చి వర్ణాన్ని సమర్థించాడు, అంబేడ్కర్ ఎంచుకున్న ఆధారాలు సరైనవి కావన్నాడు. నికరంగా చూస్తే అది వ్యతిరేక సమీక్ష.

మనమైతే ఏం చేస్తాం? పొగిడిన ఒక్క వాక్యం కత్తిరించుకొని రెండో ముద్రణ అట్ట వెనక వేసుకుంటాం. మిగతాది మర్చిపోతాం. బాబాసాహెబ్ 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు గాంధీ రాసినదంతా అనుబంధంగా అచ్చు వేశాడు. దాని పక్కనే తన జవాబు వేశాడు. పాఠకుడి ముందు రెండూ పెట్టి, చూసుకో అన్నాడు. ఇవాళ కుల నిర్మూలన చదివే ప్రతి విద్యార్థీ ఆ సమీక్షను కూడా చదువుతున్నాడు. తనను కాదన్న మాటను కూడా తన పుస్తకంలో భాగం చేసుకున్నాడు. సమీక్షను ఎట్లా వాడుకోవాలో దీనికి మించిన పాఠం నాకు కనిపించలేదు.

దీని పక్కన ఇంకో ముచ్చట పెట్టి చూడండి. అమెరికాలో వాల్ట్ విట్మన్ అనే మహాకవి 1855లో లీవ్స్ ఆఫ్ గ్రాస్‌ను సొంత ఖర్చుతో వేసుకున్నాడు. సుమారు 800 కాపీలు. ఎవరూ పట్టించుకోరేమో అనుకున్నాడేమో, పేరు లేకుండా తన పుస్తకానికి తానే సమీక్షలు రాసి పత్రికల్లో వేయించుకున్నాడు. ఎమర్సన్ అనే పెద్దాయన మెచ్చుకుంటూ సొంతంగా రాసిన ఉత్తరాన్ని ఆయన్ను అడగకుండానే పత్రికకిచ్చాడు, రెండో ముద్రణ వీపు మీద అందులోని వాక్యాన్ని బంగారు అక్షరాల్లో కొట్టించాడు. విట్మన్ గొప్ప కవి కాదని నేననను. పాఠకుడి మాట కోసం మనిషి ఎంతగా అర్రులు చాస్తాడో చెప్తున్నాను. ఇవాళ దొంగ పేర్లతో తన పుస్తకానికి తానే ఐదు చుక్కలు పెట్టుకునేవాళ్లకు తాత ఆయనే.

విట్మన్‌కు అట్లా చేసే వీలుంది. మనకు లేదు. ఎందుకంటే మన పుస్తకం ఇది జరిగింది అని చెప్పే సాక్ష్యం. సాక్ష్యం పక్కన ఒక్క దొంగ సంతకం దొరికినా మొత్తం కేసు కొట్టేస్తారు. కోర్టుల చుట్టూ తిరిగినోళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

*

తెలుగు నేల మీదికి వద్దాం.

జాషువా గారి గబ్బిలం 1941లో వచ్చింది. మన కాలేజీ పిల్లలను జాషువా గురించి చెప్పమంటే పద్యం కంటే ముందు ఒక కథ చెప్తారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు ఆయన కాలికి గండపెండేరం తొడిగిన కథ. మంచి కథే. నేనూ సభల్లో చెప్పాను. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ పద్యాలు విని వాడల్లో ఎంతమంది ఏడ్చి ఉంటారు, ఎంతమంది వాటిని కంఠతా పట్టి బడిలో చదివి ఉంటారు? వాళ్ల మాట ఎక్కడా రాసిపెట్టి లేదు. పండితుడి మెప్పు చరిత్ర అయింది, పాలేరు మెప్పు గాలిలో కలిసింది. మన పుస్తకాలకు సమీక్షలు రాలేదని అంటున్నామే, వచ్చాయి. రాసేవాళ్లు లేరు.

ఇంకో పుస్తకం చూడండి. పి.ఆర్. వెంకటస్వామి గారు 1955లో సికింద్రాబాద్‌లో అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్ అని రెండు సంపుటాలు ఇంగ్లీషులో తెచ్చారు. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్ర మండలి పెట్టిన నాటి నుంచి హైదరాబాద్ సంస్థానంలో దళితులు చేసిన పోరాటమంతా అందులో ఉంది. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు, వాళ్ల మధ్య కలయికలు, కొట్లాటలు, సంఘాలు పుట్టడం, చీలడం. అన్నీ లోపలి మనిషి రాసినవి. మనవాళ్ల తప్పులు కూడా దాచలేదాయన.

ఆ పుస్తకం ఏమైంది? మామూలు పాఠకుడికి దొరకని పుస్తకం అయింది. కానీ చావలేదు. పరిశోధకులు వెతికి పట్టుకున్నారు. గెయిల్ ఆమ్వెట్ 1994లో తెచ్చిన దళిత ఉద్యమాల చరిత్రలో హైదరాబాద్ భాగానికి వెంకటస్వామి గారే పెద్ద ఆధారం. ఆఖరికి 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చు వేసింది. 65 ఏళ్లు! ఇన్నేళ్లూ ఆ పుస్తకం బతికింది పత్రికల పొగడ్తలతో కాదు, పేజీ అడుగున చిన్నక్షరాల్లో పేరు రాసిన కొద్దిమంది వల్ల. సమీక్ష అంటే మెచ్చుకోలు అనుకుంటాం గానీ, అసలు పని ఇది. ఈ పుస్తకం ఉంది, నేను చదివాను, ఇందులో ఇది ఉంది అని ఒక మనిషి సంతకం పెట్టడం. ఆ సంతకం లేకపోతే లైబ్రరీ కొనదు, సిలబస్‌లోకి రాదు, పీహెచ్‌డీ చేసే పిల్లకు దొరకదు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవడో వచ్చి మీ ఊర్లో మీవాళ్లు ఏమీ రాయలేదు కదా అంటాడు. అప్పుడు చూపించడానికి మన దగ్గర కాగితం ఉండదు.

*

మన వరంగల్‌కు ఈ విషయంలో మంచి పేరే ఉంది. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. నిజాం కాలంలో తెలుగు పుస్తకం చదవడమే ఒక ఉద్యమంగా ఉన్న రోజులవి. తర్వాతి కాలంలో కాళోజీ చుట్టూ మిత్రమండలి కూటములు. రాసింది పదిమందిలో చదవాలి, అక్కడే తిట్లూ పొగడ్తలూ వినాలి. 1966లో సృజన మొదలై 1992 దాకా నడిచింది. రాసిన దాన్ని నలుగురి ముందు పెట్టి తన్నులు తినడం అనే అలవాటు ఈ ఊరికి ఉంది. ఆ అలవాటు మంచిది. దాని నుంచి నేను నేర్చుకున్నాను.

కానీ నా పుస్తకం వచ్చేసరికి సృజన లేదు. ఉన్న కూటముల్లో నేను ఎవరిని వెతుక్కున్నాను? పేరున్న వాళ్లను. ఇంటికి పోయి, చెప్పులు బయట విడిచి, పుస్తకం రెండు చేతులతో ఇచ్చి, "సార్, మీ అభిప్రాయం" అని నిలబడ్డాను. ఒకాయన మూడు నెలల తర్వాత కనబడితే "ఏ పుస్తకం?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇవాళ ఆలోచిస్తే ఆయన తప్పు సగమే. మా వాడ బాయి గురించి ఆయన ఏం చెప్పగలడు? ఆ నీళ్లు తాగినోణ్ని అడగాల్సింది, ఆయన్ను అడిగాను.

అసలు పాఠకులకు నేను పుస్తకం ఇవ్వనే లేదు. మా అవ్వే అడిగింది. "ఊరి ముచ్చట్లు రాసినవంట గదరా, మాకు సదివి ఇనిపియ్యవా?"

ఒక రాత్రి చింతచెట్టు కింద లైటు గుంజి కూసున్నం. నలభై మంది దాకా వచ్చారు. చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీలోనే మా పెద్దనాయిన ఆపాడు. "బాయి తవ్వింది నువ్వు రాసిన ఏడు గాదు. కరువచ్చిన ఏడు. నాకు యాదికున్నది, గప్పుడే మా నాయిన సచ్చిండు." ఇంకొకాయన లంద గోలేలు ఎన్నో లెక్క సరిచేశాడు. ఒక ముసలమ్మ డప్పు దెబ్బల పేర్లు నేను తారుమారు చేశానని నవ్వింది. నాలుగు పేజీలు చదవడానికి రెండు గంటలు పట్టింది. పుస్తకం మార్జిన్లన్నీ పెన్నుతో నిండిపోయాయి. ఆ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అది నా పుస్తకానికి వచ్చిన మొదటి సమీక్ష. నేను మాత్రం దాన్ని సమీక్ష అనుకోలేదు. తప్పుల పట్టిక అనుకున్నాను.

*

ఇప్పుడు దాచుకున్న సంగతి.

పుస్తకం చివర నా చిరునామా వేసి, చదివినోళ్లు రెండు ముక్కలు రాయండి అని అడిగాను. ఏడాదిలో 19 ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ పోస్టు కార్డులు. జై భీమ్ అన్నా, పుస్తకం బాగుంది, మా ఊరి గురించి కూడా రాయాలనిపిస్తుంది, ఇట్లాంటివి. ఒక్కటి మాత్రం ఇన్‌లాండ్ లెటర్. నాలుగు పక్కలా సన్నటి అక్షరాలు. పరకాల వైపు ఒక ఊరి నుంచి అంగన్‌వాడీలో పనిచేసే ఒక అక్క రాసింది. మనామెనే.

ఆ ఉత్తరం సారం ఇది. తమ్మీ, నీ పుస్తకం రెండుసార్లు చదివిన. తోలు ఊనింది ఎవలో రాసినవ్, డప్పు కొట్టింది ఎవలో రాసినవ్, వెట్టి చేసింది ఎవలో రాసినవ్. అందరు మొగోళ్లే. తోలు ఊనే నీళ్లు ఎవలు మోసిన్రు? తంగేడు చెక్క దంచింది ఎవలు? ఊరందరికి పురుడు పోసింది మా అమ్మమ్మ. దొరల ఇండ్లల్ల పొద్దంత అంటుకోవద్దన్నోళ్లు, నొప్పులొచ్చిన రాత్రి ఆమె చెయ్యే పట్టుకున్నరు. బొడ్డు కోసిన చేతిని పొద్దుగాల మళ్ల దూరం పెట్టిన్రు. అది చరిత్ర గాదా? దొరగడీల మన ఆడపిల్లలకు ఏమైందో ఒక్క లైను రాయలే. మీ పుస్తకంల మా అవ్వలు యాడున్నరు తమ్మీ?

చదివి చెమటలు పట్టాయి. ఒకటి, ఆమె చెప్పిందంతా నిజం. రెండు, ముందుమాటలు రాసిన ముగ్గురికీ, సభలో మాట్లాడిన ఆరుగురికీ ఇది తట్టలేదు. మూడు, నాకూ తట్టలేదు. నా పుస్తకంలో సమాచారం సగం చెప్పింది మా అవ్వ. ఆమె పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు.

జవాబు రాయలేదు. సిగ్గుతో కొన్నాళ్లు, పనులతో కొన్నాళ్లు. 1999లో రెండో ముద్రణ వేశాను. పాఠకుల మాట అని నాలుగు పేజీలు కలిపాను. 19 ఉత్తరాల్లోంచి ఏడు ఏరి వేశాను. అక్క ఉత్తరం వెయ్యలేదు. ఉద్యమానికి నష్టం, బయటోళ్లకు దొరుకుతం, ఇట్లా నాకు నేను చెప్పుకున్నాను. గాంధీ రాసిన వ్యతిరేక సమీక్షను పూర్తిగా అచ్చు వేసిన మనిషి ఫోటో గోడకు పెట్టుకొని, దాని కిందే కూర్చొని, మన ఆడమనిషి రాసిన నిజాన్ని ట్రంకు పెట్టెలో దాచాను.

దాచింది నేనొక్కణ్నే కాదు. ఆ పదేళ్లలో మన మగవాళ్ల పుస్తకాలన్నిటికీ ఇట్లాంటి ఉత్తరాలు ఎన్నో వచ్చి ఉంటాయి. జవాబు రాకపోతే ఆడవాళ్లు ఊరుకోలేదు. తామే పుస్తకాలు తెచ్చారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో నల్లపొద్దు వచ్చింది. 2006లో నల్లరేగడి సాల్లు వచ్చింది. మాదిగ, మాదిగ ఉపకులాల ఆడవాళ్ల కథలు. జూపాక సుభద్ర, గోగు శ్యామల సంపాదకులు. సుభద్రక్క మన ఉమ్మడి వరంగల్ జిల్లా మనిషే. ఆ పుస్తకం చదువుతుంటే నాకు ఆ ఇన్‌లాండ్ లెటర్ వెయ్యి రెట్లు పెద్దదై తిరిగొచ్చినట్టు అనిపించింది. దానికి సమీక్ష రాయమని ఒక చిన్న పత్రిక మిత్రుడు అడిగాడు. ఈసారి తప్పించుకోలేదు. రాశాను. ఆ సమీక్షలో మొదటి పేరా నా పుస్తకం తప్పు గురించే.

*

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను.

మంచం కింద 220 కాపీలు ఉన్నాయన్నావు. ముందు ముప్పై తియ్యి. ముప్పైమంది పేర్లు కాగితం మీద రాయి. నీ కవితల్లో ఎవరి బతుకు ఉందో వాళ్లు పదిమంది ఉండాలి. నీతో ఏకీభవించని వాళ్లు ఐదుగురు ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చేతికి పుస్తకం ఇస్తూ ఎట్లుందో చెప్పండి అనకు. అట్లా అడిగితే బాగుంది అంటారు, అది జవాబు కాదు. ఒకే ప్రశ్న అడుగు. ఇందులో నేను ఏం వదిలేసిన? నెల తర్వాత మళ్లీ పో. చదవనోళ్లను తిట్టకు, ఇంకో నెల ఆగు. చదవడం రానోళ్లకు నువ్వే చదివి వినిపించు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, వాళ్ల అనుమతితో, పేరూ ఊరూ తేదీ వేసి రాసుకో. ఫోన్‌లో రికార్డు చేసుకున్నా సరే, తర్వాత కాగితం మీద పెట్టు. ఫోన్ పోతుంది, కాగితం ఉంటుంది.

పత్రికలకు పంపడం మానకు. కానీ ఏ పత్రికలో ఎవరు మన పుస్తకాల మీద రాస్తున్నారో చూసి ఆ మనిషికి పంపు. కూడా ఒక పేజీ ఉత్తరం పెట్టు. నువ్వెవరు, ఈ పుస్తకం ఎందుకు రాశావు, ఇందులో కొత్త ఏమిటి అని. పొగడమని అడగొద్దు. పైసలిచ్చి రాయించుకోవద్దు. నీ పుస్తకానికి నేను, నా పుస్తకానికి నువ్వు అనే ఒప్పందం అసలే వద్దు. మనలో ఆ జబ్బు బాగా ముదిరింది. ఒకరినొకరం మహాకవులం చేసుకుంటున్నాం, బయట ఒక్క పాఠకుడు పెరగడం లేదు.

జనం ఉన్న చోటికి పుస్తకం మోసుకొని పో. కాజీపేటలో రైలెక్కితే బల్లార్ష మీదుగా నాగపూర్ పోవచ్చు. దీక్షాభూమి దగ్గర ధమ్మచక్ర ప్రవర్తన దినం రోజు ఒక్కసారి చూసి రా. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు రొట్టెల మూటతో పాటు పుస్తకాల మూట కట్టుకొని పోతారు. మన దగ్గర ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న హనుమకొండ అంబేడ్కర్ విగ్రహం దగ్గర దండలు వేసి ఫోటోలు దిగి పోతాం. అక్కడ ఒక బల్ల వేసుకొని కూర్చో. వెల తగ్గించు. గాంధీ మాటల్లో నేను ఒప్పుకునే సలహా అదొక్కటే. బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టు, పోయిన ఏడు పుస్తకం కొన్నోళ్లు ఈ ఏడు వచ్చి రాస్తారు. నేను పదేళ్లుగా పెడుతున్నాను. మూడు నోటుబుక్కులు నిండాయి. అందులో తిట్లు కూడా ఉన్నాయి.

ఇంకొక పని, ఇది చాలామంది చేయరు. 1954 నాటి చట్టం ప్రకారం ఈ దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి పంపాలి. పెద్ద ప్రచురణకర్తలకే అనుకోకు, సొంతంగా వేసుకున్నోళ్లకూ వర్తిస్తుంది. నాలుగు కాపీలు, పోస్టు ఖర్చు. మన యూనివర్సిటీ లైబ్రరీకి, జిల్లా గ్రంథాలయానికి కూడా ఇచ్చి రసీదు తీసుకో. ఐఎస్‌బీఎన్ నంబరుకు పైసలు కట్టనక్కర్లేదు, రచయిత తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవాళ చదివేవాడు దొరక్కపోయినా, వెంకటస్వామి గారికి దొరికినట్టు ముప్పై ఏళ్లకో అరవై ఏళ్లకో దొరుకుతాడు. వాడొచ్చేటప్పటికి పుస్తకం అక్కడ ఉండాలి.

రెండో ముద్రణ వేస్తే, నీకు నచ్చని ఉత్తరం ముందు వెయ్యి. నచ్చినవి తర్వాత.

చివరిగా, సమీక్ష కావాలంటే ముందు సమీక్ష రాయి. మన వాడల నుంచి వచ్చిన పుస్తకం నెలకొకటి కొను. అప్పు తేవద్దు, కొను. చదివి 300 మాటలు రాయి. పుస్తకంలో ఏముంది, ఏది బలం, ఏది లేదు. నీ పేరు పెట్టు.

*

రెండేళ్ల కింద పరకాల పోయాను. అక్కను వెతికి పట్టుకోవడానికి సగం దినం పట్టింది. రిటైరై మనవళ్లను ఆడిస్తోంది. ట్రంకు పెట్టెలోంచి తీసిన ఆ ఇన్‌లాండ్ లెటర్ చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకొని తన అక్షరాలు తానే చదువుకుంది. "నేను గప్పుడే మర్చిపోయిన తమ్మీ. నువ్వెందుకు మర్చిపోలే?" అంది.

క్షమించమని అడిగాను. మూడో ముద్రణలో ఉత్తరం పూర్తిగా వేస్తానన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఉత్తరం అచ్చేస్తే ఏమొస్తది? అండ్ల అడిగిన ముచ్చట రాయి."

అప్పటి నుంచి మా చుట్టుపక్కల ఊర్లలో మంత్రసానుల పేర్లు రాసుకుంటున్నాను. ఇప్పటికి 23 మంది పేర్లు దొరికాయి. చాలామందికి పేరు కూడా గుర్తు లేదు, ఫలానావాని తల్లి అనే చెప్తున్నారు. మా అవ్వ ఉంటే ఇంకో పది పేర్లు చెప్పేది. ఆమె లేదు. అడగాల్సినప్పుడు అడగలేదు.

ఆ అధ్యాయం రాయడం అయిపోయాక మొదటి ప్రతి అక్కకే ఇస్తాను. ఏం వదిలేసిన అని అడుగుతాను.

ఈ తొమ్మిది వారాల్లో నేను ఏం వదిలేశానో మీరు కూడా చెప్పండి. బాగుంది అన్నా అని మాత్రం రాయకండి.

జై భీమ్.

(వచ్చే ఆదివారం: కరపత్రాలు ఎవరు దాచారు?)